ఇంటి జ్ఞాపకాలకు ఎన్ని ప్రతులు ఉండాలి?



పశ్చిమ గోదావరి జిల్లా పెనుగొండ నుంచి ఒక సోదరి ఈ శీర్షికకు లేఖ రాశారు. దాని సారాంశం ఇది:

"మా మామగారు ముప్పై ఏళ్లపాటు క్యాసెట్లు సేకరించారు. ఖుర్ఆన్ పారాయణాలు, ఉర్దూ, తెలుగు ప్రసంగాలు, మా ఇంటి పెద్దలు చెప్పిన పాత సంగతులు అన్నీ కలిపి నూట ఇరవై దాకా ఉన్నాయి. పెళ్లిళ్ల డీవీడీలు నలభై ఉన్నాయి. మావారు పదకొండేళ్లుగా కువైట్‌లో ఉంటున్నారు. ఆయన పంపిన వాయిస్ మెసేజీలు, మేము తీసి పంపిన పిల్లల వీడియోలు, ఫొటోలు లెక్కలేనన్ని. మా మరిది రెండేళ్లు శ్రమపడి వీటన్నిటినీ కంప్యూటరులోకి ఎక్కించి ఒక హార్డ్ డిస్కులో భద్రపరిచాడు. మొత్తం ఒకటిన్నర టెరాబైట్లు అయింది. క్యాసెట్లలో చాలావాటికి బూజు పట్టింది, ఇక అవి పలకవు. మామగారు నిరుడు అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. ఇప్పుడు ఇంట్లో మూడు మాటలు వినబడుతున్నాయి. 'డిస్కు బీరువాలో ఉంది కదా, ఇంకేం భయం' అని మరిది అంటాడు. 'ఇల్లు దాటించి క్లౌడ్‌లో పెట్టాలి' అని మావారు అంటారు. 'మన ఆడపిల్లల ఫొటోలు ముక్కూమొహం తెలియని కంపెనీ యంత్రాల్లో ఎందుకు' అని అత్తగారు అడుగుతారు. హైదరాబాదులో ఉన్న ఆడపడుచు నన్నే తేల్చమంది. ఎవరి మాట సరైనది?"

సోదరీ! మీ మామగారికి అల్లాహ్ మగ్ఫిరత్ ప్రసాదించుగాక. మీ ఇంట వినబడుతున్న మూడు మాటలూ సరైనవే. మరిది చెప్పినట్లు వస్తువు మీ చేతిలో ఉండాలి. మీవారు చెప్పినట్లు మరొకటి ఇల్లు దాటి ఉండాలి. అత్తగారు చెప్పినట్లు పరదా కాపాడుకోవాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటైనా చాలు అనుకోవడమే పొరపాటు. మూడింటినీ కలిపితే మీకు కావలసిన పథకం తయారవుతుంది.

భద్రపరచడం తవక్కుల్‌కు విరుద్ధమా?

"ఉండవలసింది ఉంటుంది, పోవలసింది పోతుంది, ఇంత హైరానా ఎందుకు?" అనే వారు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. ఒంటెను కట్టివేయాలా, లేక అల్లాహ్‌పై భారం వేసి వదిలేయాలా అని అడిగిన వ్యక్తికి దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ముందు కట్టమని, ఆ తరువాతే అల్లాహ్‌పై భారం వేయమని బోధించిన సంగతి తిర్మిజీ గ్రంథంలో ఉంది. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని సూరా బఖరా 282వ వాక్యం ఆదేశిస్తుంది. రాత ఒకటి, సాక్ష్యం మరొకటి. ఒక ఆధారం తప్పిపోతే రెండవది నిలబడాలన్న వివేకం అందులో ఉంది.

సూరా యూసుఫ్‌లో మరో పాఠం ఉంది. ఏడేళ్ల పంటలో తినడానికి కావలసినంత మాత్రమే నూర్చి, మిగిలిన ధాన్యాన్ని వెన్నులతోనే ఉంచమని హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) సలహా ఇచ్చారు. వెన్నులో ఉన్న గింజ త్వరగా చెడదు. గాదెలూ గరిసెలూ ఎరిగిన గోదావరి వాసులకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. ఎంత దాచాలన్న దానితో పాటు ఏ రూపంలో దాచాలన్నది కూడా ఆ సలహాలో భాగమే.

అన్నిటికంటే గొప్ప ఉదాహరణ ఖుర్ఆన్ సంకలనం. దివ్యగ్రంథ పరిరక్షణ అల్లాహ్ స్వయంగా తీసుకున్న బాధ్యత. మన ఇంటి ఫొటోలను దానితో పోల్చడం మా ఉద్దేశం కాదు. కానీ సహాబాలు అనుసరించిన మార్గం నుంచి నేర్చుకోవలసింది ఉంది. యమామా యుద్ధంలో అనేకమంది హాఫిజ్‌లు అమరులైనప్పుడు, కంఠస్థం చేసినవారు ఇలాగే తరలిపోతే ఎలా అని హజ్రత్ ఉమర్ (రజి) ఆందోళన చెందారు. హజ్రత్ అబూబక్ర్ (రజి) ఆ బాధ్యతను హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి)కు అప్పగించారు. ఖర్జూర మట్టలపైనా పలుచని రాళ్లపైనా ఉన్న రాతలను, జనం హృదయాలలో ఉన్న పాఠాన్ని సరిచూసుకుంటూ ఆయన సేకరించారు. ఆ పత్రాలు హజ్రత్ అబూబక్ర్ (రజి) వద్ద, ఆ తరువాత హజ్రత్ ఉమర్ (రజి) వద్ద, అటుపై విశ్వాసుల మాత హజ్రత్ హఫ్సా (రజి) వద్ద ఉన్నాయి. హజ్రత్ ఉస్మాన్ (రజి) వాటిని తెప్పించి, ప్రతులు రాయించి వేర్వేరు ప్రాంతాలకు పంపారు. మూలపత్రాలను తిరిగి హజ్రత్ హఫ్సా (రజి)కే అప్పగించారు.

ఇందులో నాలుగు విషయాలు గమనించండి. రాతలోనూ జ్ఞాపకంలోనూ, రెండు మాధ్యమాలలో ఉంచారు. ఒకదానితో మరొకటి సరిచూశారు. దూర ప్రాంతాలకు పంపారు. మూలానికి ఒక బాధ్యురాలిని నిలిపారు. నేటి కంప్యూటర్ నిపుణులు చెప్పే మాట కూడా దీనికి దూరం కాదు.

డిస్కు ఎన్ని రకాలుగా పోతుంది?

మందు ఎంచుకునే ముందు రోగం తెలియాలి. మీ బీరువాలోని ఒకే ఒక డిస్కుకు నాలుగు వైపుల నుంచి ప్రమాదం ఉంది.

మొదటిది, యంత్రం చెడిపోవడం. హార్డ్ డిస్కు లోపల పళ్లేలు తిరుగుతాయి, వాటిపై వెంట్రుకవాసి ఎత్తులో ఒక సూది వంటి భాగం కదులుతుంది. బల్ల మీది నుంచి జారిపడితే చాలు, దాని పని ముగియవచ్చు. కదలకుండా ఉన్నా ఏళ్లు గడిచే కొద్దీ పాడవుతుంది.

రెండవది, మనిషి పొరపాటు. ఖాళీ స్థలం కోసం ఎవరో ఒక ఫోల్డరును తుడిచివేస్తారు. పిల్లలు ఒక మీట నొక్కుతారు.

మూడవది, దొంగతనం లేదా వైరస్. ఫైళ్లన్నిటికీ తాళం వేసి డబ్బు గుంజే వైరస్, కంప్యూటరుకు తగిలించి ఉన్న డిస్కులన్నిటికీ ఒకేసారి సోకుతుంది.

నాలుగవది, మన నేల. ఇది గోదావరి డెల్టా. 1986 ఆగస్టులో వచ్చిన మహావరదను పెద్దలు ఇప్పటికీ తలచుకుంటారు. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమను అతలాకుతలం చేసింది. 2022 జులైలో లంక గ్రామాలు మళ్లీ నీట మునిగాయి. వరద రాకపోయినా ఇక్కడి తేమ ఏడాది పొడవునా తన పని తాను చేసుకుపోతుంది. మీ క్యాసెట్లకు బూజు పట్టించింది అదే. దానికి పిడుగులు, కరెంటు హెచ్చుతగ్గులు తోడు.

ఈ నాలుగింటికీ ఒకే మందు లేదు. రెండవ డిస్కు మొదటి ప్రమాదాన్ని ఆపుతుంది గానీ, అదే బీరువాలో ఉంటే నాలుగవదాన్ని ఆపలేదు. క్లౌడ్ నాలుగవదాన్ని ఆపుతుంది గానీ, ఫోనులో తుడిచినది అక్కడా తుడిచిపెట్టుకుపోయేలా అమర్చి ఉంటే రెండవదాన్ని ఆపలేదు. రెండు డిస్కులు ఒకే పెట్టెలో జంటగా పనిచేసే పరికరాలు బజారులో దొరుకుతాయి. ఒక డిస్కు పాడైతే రెండవది ఆదుకుంటుంది, అంతవరకు మేలే. కానీ ఒకదానిలో తుడిచినది ఆ క్షణమే రెండవదానిలోనూ పోతుంది. పిడుగు పడితే రెండూ ఒకేసారి కాలిపోతాయి. కనుక ఆ పెట్టెను ఒకే ప్రతిగా లెక్కించాలి.

మూడు, రెండు, ఒకటి

అమెరికా ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన ఒక సూత్రాన్ని నేడు గ్రంథాలయాల నుంచి సామాన్య గృహస్థుల వరకు అందరూ పాటిస్తున్నారు. ముఖ్యమైన దేనికైనా మూడు ప్రతులు ఉండాలి. అవి కనీసం రెండు రకాల సాధనాలపై ఉండాలి. వాటిలో ఒకటైనా వేరే ప్రదేశంలో ఉండాలి.

వేరే ప్రదేశం విలువ తెలియజేసే సంఘటన తెలుగు పుస్తకాల విషయంలోనే జరిగింది. 2000 తొలి సంవత్సరాలలో ప్రభుత్వ సహకారంతో మొదలైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా, వేలాది తెలుగు పుస్తకాలతో సహా లక్షలాది గ్రంథాలను స్కాన్ చేసింది. తరువాతి కాలంలో కాపీరైట్ చిక్కుల మధ్య ఆ వెబ్‌సైటు ప్రజలకు అందకుండా పోయింది. అయితే వాటిలో చాలా పుస్తకాలకు మరో ప్రతి ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సంస్థ వద్ద ఉంది. అందువల్లనే ఎన్నో పాత తెలుగు పుస్తకాలను మనం ఈనాటికీ తెరిచి చదువుకోగలుగుతున్నాం.

ఆఫ్రికాలోని మాలి దేశంలో తింబుక్తూ పట్టణం ఇంకొక సాక్ష్యం. అక్కడి ముస్లిం కుటుంబాలు ఇస్లామీయ విద్యలకు సంబంధించిన చేతిరాత గ్రంథాలను తరతరాలుగా ఇళ్లలోనే పెట్టెల్లో దాచుకుంటూ వచ్చాయి. 2012లో సాయుధ మూకలు పట్టణాన్ని ఆక్రమించినప్పుడు, అబ్దుల్ ఖాదిర్ హైదరా అనే గ్రంథ సంరక్షకుడు, ఆయన సహచరులు ఆ పెట్టెలను రహస్యంగా రాజధాని బమాకోకు చేరవేశారు. మరుసటి ఏడాది మూకలు వెళ్లిపోతూ అక్కడి గ్రంథాలయంలో మిగిలినవాటికి నిప్పు పెట్టాయి. అత్యధిక భాగం దక్కడానికి కారణం, అవి అప్పటికే చోటు మారి ఉండడం.

అంతా ఒకే విలువ కాదు

ఒకటిన్నర టెరాబైట్లు అనగానే కళ్లు తిరుగుతాయి. కొంచెం లెక్క వేద్దాం.

క్యాసెట్టులోని ఒక గంట శబ్దాన్ని సీడీ నాణ్యతతో భద్రపరిస్తే సుమారు 635 మెగాబైట్లు అవుతుంది. నూట ఇరవై క్యాసెట్లు, ఒక్కొక్కటి గంట నుంచి గంటన్నర. అంటే అంతా కలిపి 75 నుంచి 115 గిగాబైట్లు మాత్రమే. మామూలు డీవీడీ ఒకటి 4.7 గిగాబైట్లకు మించదు. నలభై డీవీడీలు 190 గిగాబైట్లలోపే. మిగిలిన పన్నెండు వందల గిగాబైట్లూ ఫోన్లలోని వీడియోలు, ఫొటోలు. వాటిలో ఒకే దృశ్యాన్ని పదేసి సార్లు తీసినవి ఎన్ని? ఎవరో పంపిన జుమా ముబారక్ బొమ్మలు ఎన్ని? మీ సేకరణలో మళ్లీ ఎన్నటికీ దొరకనిది, అంటే పెద్దల కంఠస్వరం, మొత్తంలో పదిహేనవ వంతు కూడా ఉండకపోవచ్చు.

కనుక మొదట వేరుచేయండి. మూడు ఫోల్డర్లు చాలు.

మొదటిది 'అమానతు'. మామగారి క్యాసెట్లు, మీవారి వాయిస్ మెసేజీలలో ఎంచిపెట్టుకున్నవి, పాత ఫొటోల స్కాన్లు, హజ్ యాత్ర చిత్రాలు. ఇవి ఎవరు విన్నా చూసినా ఇబ్బంది లేనివి, పోతే తిరిగి రానివి.

రెండవది 'పరదా'. ఇంటి స్త్రీల ఫొటోలు, పెళ్లి వీడియోలు, కుటుంబం దాటి వెళ్లకూడనివి.

మూడవది 'మిగిలినవి'. రోజువారీ వీడియోలు. ఉంటే సంతోషం, పోతే ప్రాణం మీదికి రాదు.

ఈ విభజన జరిగేటప్పుడే కొన్నిటిని శాశ్వతంగా తొలగించండి. ఒకరి లోపాన్ని, అవమానాన్ని పట్టి ఉంచిన వీడియోను తరతరాలకు దాచవలసిన పని లేదు. తోటి ముస్లిం లోపాన్ని కప్పినవాని లోపాన్ని అల్లాహ్ కప్పుతాడన్న ప్రవక్త (స) బోధ ఇక్కడికీ వర్తిస్తుంది. చెత్తను మూడు చోట్ల దాచడానికి డబ్బు వెచ్చించడం ఇస్రాఫ్, అంటే దుబారా.

క్లౌడ్ సంగతి

మీవారి సలహాలో బలం ఉంది. ఫోనులో తీసిన ఫొటో తనంతట తానే దూరానికి వెళ్లి చేరడం పెద్ద సౌకర్యం. కానీ మూడు పరిమితులు తెలుసుకోవాలి.

ఒకటి, వేగం. సెకనుకు 20 మెగాబిట్లు పంపగల కనెక్షను ఉన్నా, ఒకటిన్నర టెరాబైట్లు పంపడానికి రాత్రింబవళ్లు ఆగకుండా ఏడు రోజులు పడుతుంది. అదే డిస్కు నుంచి డిస్కుకు సెకనుకు 100 మెగాబైట్ల చొప్పున నాలుగు గంటల పైచిలుకులో ముగుస్తుంది.

రెండు, నిబంధనలు మనవి కావు. గూగుల్ ఫొటోస్ ఒకప్పుడు పరిమితి లేకుండా ఉచితంగా స్థలం ఇచ్చేది. 2021 జూన్ 1 నుంచి ఆ సౌకర్యం ఆగిపోయింది, ఇప్పుడు మెయిలు, ఫొటోలు, డ్రైవ్ అన్నీ కలిపి ఉచితంగా 15 గిగాబైట్లే. రెండేళ్లపాటు ఎవరూ తెరవని వ్యక్తిగత ఖాతాలను తొలగించే విధానాన్ని ఆ సంస్థ 2023 డిసెంబరు నుంచి అమలులోకి తెచ్చింది. మరణించిన వారి ఖాతాలో ఫొటోలు ఉన్నవారు ఈ సంగతి ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. మీ మామగారి ఫోను ఖాతాలో ఏమైనా ఉంటే ఇప్పుడే దించుకోండి.

మూడు, కంపెనీలూ పోగొట్టగలవు. మైస్పేస్ అనే ప్రసిద్ధ వెబ్‌సైటులో జనం ఏళ్ల తరబడి చేర్చిన శబ్ద, చిత్ర, వీడియో ఫైళ్లు సర్వర్లు మార్చే సమయంలో నశించాయని 2019లో బయటపడింది. అదొక్కటే ప్రతిగా ఉంచుకున్నవారికి మిగిలింది శూన్యం.

కనుక క్లౌడ్‌ను మీ మూడు ప్రతులలో ఒకటిగా, అదీ 'అమానతు' ఫోల్డరుకు మాత్రమే వాడుకోండి. 200 గిగాబైట్ల స్థలం అద్దెకు తీసుకుంటే అది సుఖంగా ఇమిడిపోతుంది.

అత్తగారి మాట

అత్తగారి అభ్యంతరాన్ని పాతకాలపు భయంగా కొట్టివేయకండి. ఇంటి స్త్రీల చిత్రం కూడా అమానతే. పాస్‌వర్డు ఒకరి చేతికి చిక్కితే, పాత ఫోను తుడవకుండా అమ్మితే, మరమ్మతు దుకాణంలో డిస్కు వదిలి వస్తే ఏమవుతుందో వార్తల్లో చూస్తూనే ఉన్నాం. అందువల్ల 'పరదా' ఫోల్డరును క్లౌడ్‌లోకి పంపనక్కరలేదు. దానిని తాళం వేసిన డిస్కులపై మాత్రమే ఉంచండి.

ఇక్కడ తాళం అంటే ఇనుప తాళం కాదు. పాస్‌వర్డు లేనిదే ఫైలును చదవలేని గజిబిజి అక్షరాలుగా మార్చే విద్య. వెరాక్రిప్ట్ అనే ఉచిత ప్రోగ్రాముతో ఆ పని చేయవచ్చు. కొన్ని విండోస్ కంప్యూటర్లలో బిట్‌లాకర్ అనే సదుపాయం ముందుగానే ఉంటుంది. ఈ తాళం వేసిన డిస్కును ఎవరు ఎత్తుకుపోయినా వారికి దక్కేది ఇనుప ముక్క మాత్రమే.

అయితే హెచ్చరిక ఒకటి ఉంది. ఈ పాస్‌వర్డు మరచిపోతే తయారు చేసినవారు కూడా తెరవలేరు. కనుక 'అమానతు' ఫోల్డరుకు ఈ తాళం వేయకండి. తాతగారి గొంతు మనవలకు మనవళ్లు కూడా అడ్డు లేకుండా వినగలగాలి. దాచవలసినదానికే తాళం, పంచవలసినదానికి తలుపు తెరిచి ఉంచండి.

మీ ఇంటికి తగిన పథకం

రెండేసి టెరాబైట్ల హార్డ్ డిస్కులు మరో రెండు కొనండి. ఇప్పుడున్నదానితో కలిపి మూడు అవుతాయి. వీలైతే రెండు వేర్వేరు కంపెనీలవి తీసుకోండి. ఒకే రోజు ఒకే దుకాణంలో కొన్న కవలలు ఒకే లోపంతో పుట్టి ఉండవచ్చు.

మొదటి డిస్కు మీ ఇంట్లో వాడుకకు. కొత్త ఫొటోలు, వీడియోలు నెలకొకసారి ఇందులో చేరుతాయి.

రెండవ డిస్కు కూడా మీ ఇంట్లోనే, కానీ వేరే గదిలో, ఎత్తైన అరలో. నెలకొకసారి మొదటిదాని నుంచి దీనిలోకి కాపీ చేసి, పని ముగిసిన వెంటనే వైరు తీసి లోపల పెట్టాలి. తగిలించి వదిలేసిన డిస్కు పిడుగుకూ వైరస్‌కూ చిక్కుతుంది.

మూడవ డిస్కు పెనుగొండలో ఉండకూడదు. తణుకులోనో పాలకొల్లులోనో ఉన్న బంధువుల ఇంట పెడదామనిపిస్తుంది. కానీ ఒకే గాలివాన ఆ రెండు ఊళ్లనూ తాకగలదు. హైదరాబాదులోని మీ ఆడపడుచు ఇల్లు సరైన చోటు. మీవారి దగ్గర కువైట్‌లోనూ పెట్టవచ్చు గానీ, నలుగురు కలిసి ఉండే గదులలో, కంపెనీ మారినప్పుడల్లా మారే నివాసాలలో దాన్ని కాపాడడం కష్టం. ఏడాదికి రెండుసార్లు, ఉదాహరణకు షాబాన్‌లో ఒకసారి, సఫర్‌లో ఒకసారి, రెండవ డిస్కును హైదరాబాదు పంపి, అక్కడున్నదాన్ని వెనక్కి తెప్పించి, కొత్త ఫైళ్లు చేర్చండి. ఈ రెండు నెలల మధ్య సరిగ్గా ఆరేసి నెలల దూరం. డిస్కును పార్సిలులో కాక మనిషి చేతిలోనే పంపాలి.

నాలుగవ చోటు క్లౌడ్, 'అమానతు'కు మాత్రమే.

ఇలా చేస్తే మీ ఇంటి జ్ఞాపకాలు మూడు డిస్కులపైన, వాటిలో అమూల్యమైనవి నాలుగు చోట్ల ఉంటాయి. మొత్తం ఖర్చు ఈ రోజుల్లో పెళ్లి వీడియోకు ఇచ్చే డబ్బు కంటే తక్కువే అవుతుంది.

దాచే తీరు గురించి కొన్ని మాటలు. డిస్కును గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో, తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. బియ్యం డబ్బాలో దాచే అలవాటు మంచిది కాదు, తవుడు దుమ్ము రంధ్రాల్లో చేరుతుంది. బయటి గోడకు ఆనుకున్న అర వద్దు, వానాకాలంలో అది చెమ్మగిల్లుతుంది. పెన్‌డ్రైవులను, ఎస్ఎస్‌డీలను ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా బీరువాలో ఉంచి నమ్ముకోకండి, వాటిలోని సమాచారం మెల్లగా జారిపోవచ్చు. ఏ డిస్కునైనా అయిదేళ్లకు ఒకసారి కొత్తదానితో మార్చండి. బూజు పట్టిన క్యాసెట్లను ఇప్పుడే పారవేయకండి. వాటిని శుభ్రపరచి పలికించే నిపుణులు నగరాల్లో ఉన్నారు. ఏ క్యాసెట్టు డిస్కులోకి సరిగా ఎక్కలేదో తేలేవరకు అవే మూలం.

సరిచూడని నకలు నకలే కాదు

1998లో అమెరికాలోని పిక్సార్ సంస్థలో టాయ్ స్టోరీ 2 అనే బొమ్మల చిత్రం తయారవుతుండగా, ఎవరో ఇచ్చిన తప్పు ఆదేశంతో ఫైళ్లు వరుసగా మాయమయ్యాయి. భయం లేదు, బ్యాకప్ ఉంది అనుకున్నారు. తీరా చూస్తే ఆ బ్యాకప్ కొంతకాలంగా సరిగా పనిచేయడం లేదు. ఎవరూ తెరిచి చూడలేదు. చివరకు ఆదుకున్నది గేలిన్ సుస్మన్ అనే ఉద్యోగిని ఇంట్లోని కంప్యూటరు. ఆమె పసిబిడ్డ తల్లి కావడం వల్ల ఇంటి నుంచి పనిచేసేందుకు ఒక ప్రతిని అక్కడ ఉంచుకున్నారు. అంత పెద్ద సంస్థ పని ఒక తల్లి ఇంటి మూలన నిలిచింది.

కనుక కాపీ చేసిన ప్రతిసారీ రెండు డిస్కులలోని ఫైళ్ల సంఖ్య, మొత్తం పరిమాణం సమానంగా ఉన్నాయో లేదో చూడండి. ఏవైనా పది ఫైళ్లు ఎంచి, మొదలు, నడుమ, చివర వినండి. పనిలో పనిగా ఆ పూట పిల్లలను కూర్చోబెట్టి తాతగారి ప్రసంగం ఒకటి వినిపించండి. సరిచూడడం, తరతరాలను కలపడం రెండూ జరుగుతాయి.

పేర్లు పెట్టడం కూడా ఈ పనిలో భాగమే. అంకెలతో ఉన్న వెయ్యి ఫైళ్లలో ఏది ఎవరి గొంతో ఇరవై ఏళ్ల తరువాత ఎవరికి తెలుస్తుంది? ఏ సంవత్సరం, ఏ సందర్భం, ఎవరెవరు అన్నది అత్తగారిని అడిగి ఒక నోటుపుస్తకంలో తెలుగులో రాయండి. ఆ పుటలను ఫొటో తీసి డిస్కులలో చేర్చండి. ఈ పనిని మాత్రం వాయిదా వేయకండి. ఆ ముఖాలను గుర్తుపట్టగలిగిన వారు ఇంట్లో ఉన్నప్పుడే అది జరగాలి.

ఎవరు బాధ్యులు?

అందరి పని అయినది ఎవరి పనీ కాదు. ఒకరిని నియమించుకోండి. మీ ఆడపడుచు మిమ్మల్నే తేల్చమన్నారు గనుక ఆ ఒకరు మీరే కావచ్చు. సాంకేతిక పని మరిది చేస్తారు, తేదీలు గుర్తుంచుకునేది, నోటుపుస్తకం దాచేది మీరు. విశ్వాసుల మాత హజ్రత్ హఫ్సా (రజి) ఇంట ఆ పవిత్ర పత్రాలు భద్రంగా ఉన్నాయన్న చరిత్ర, ఇంటి సంపదను కాపాడడంలో స్త్రీ విశ్వసనీయతకు సాక్ష్యం.

వీలునామా రాయదగినది ఏదైనా ఉన్న ముస్లిం, అది రాసి పెట్టుకోకుండా రెండు రాత్రులు గడపరాదని ప్రవక్త (స) హెచ్చరించారు. పాస్‌వర్డులు కూడా నేడు అటువంటివే. డిస్కు తాళం, క్లౌడ్ ఖాతా వివరాలు కాగితంపై రాసి, కవరులో మూసి, ఒకటి మీ ఇంటి దస్తావేజులతో, మరొకటి మీవారి వద్ద ఉంచండి. డిస్కుతో పాటు ఒకే డబ్బాలో ఉంచకండి. మనం లేనప్పుడు ఖాతా ఎవరికి చెందాలో ముందుగా నమోదు చేసుకునే ఏర్పాటు గూగుల్, ఆపిల్ ఖాతాలలో ఉంది. ఇంట్లో పెద్దవారందరి చేతా అది పూర్తి చేయించండి.

అమానతులను హక్కుదారులకు అప్పగించమని సూరా నిసా 58వ వాక్యం ఆజ్ఞాపిస్తుంది. పెద్దల గొంతులకు హక్కుదారులు మన పిల్లలు, ఇంకా పుట్టని వారి పిల్లలు. ఇంట్లో ఉర్దూలో మాట్లాడుతూ, బయట తెలుగులో చదువుకుంటూ పెరిగిన గోదావరి ముస్లిం కుటుంబాల మాట తీరు, నుడికారం ఏ పుస్తకంలోనూ పూర్తిగా నమోదు కాలేదు. అది ఇటువంటి క్యాసెట్లలోనే ఉంది. మంచి మాట చెప్పిన ఒక ప్రసంగం ఆయన తరువాత కూడా ఎవరికైనా మేలు చేస్తే, ఆ పుణ్యం మీ మామగారికి చేరుతూనే ఉంటుందని ఆశిద్దాం. ప్రయోజనం కలిగించే జ్ఞానం మరణంతో ఆగిపోదన్నది ప్రవక్త (స) ఇచ్చిన శుభవార్త.

ఈ నెలలోనే రెండు డిస్కులు కొనండి. వేరుచేయడం, పేర్లు పెట్టడం నెమ్మదిగా సాగనివ్వండి. మొదటి నకలు మాత్రం ఈ రాత్రికే మొదలుకావాలి. ప్రయత్నం మనది, పరిరక్షణ అల్లాహ్‌ది. మన ఇళ్లను, మన పెద్దల మంచి జ్ఞాపకాలను ఆయన కాపాడుగాక. ఆమీన్.